ఎస్టిమేటు

రెండు వేలు అనుకొని వచ్చాను.
ఏదో గొట్టం పగిలుంటుంది, మార్చేస్తాడు,
పదకొండు కల్లా మిర్చి యార్డులో ఉంటాను.
జేబులో నాలుగు ఐదొందలు,
వాటిలో ఒకటి మిగులుతుందన్న ధీమా.

కాలేషా బానెట్టు ఎత్తగానే తుమ్మాడు.
వాడి చేతికింద కుర్రాడు సుభానీ రెండుసార్లు తుమ్మాడు.
ఈ బండి అంతే, ఏ సందులో చెయ్యి పెట్టినా ఘాటు.
తొమ్మిదేళ్లుగా శాంపిల్ సంచులు మోసింది,
సీటు కుట్లలో గింజలు,
ఏసీ వేస్తే కళ్లల్లో నీళ్లు.
పట్టుచీర కట్టుకొని ఇందులో ఎక్కనని
మా సామ్రాజ్యం ఎప్పుడో ఒట్టేసుకుంది.

ఆయిల్ మూత తిప్పి చూపించాడు.
నల్లగా ఉండాల్సింది
మీగడ కట్టిన టీలా ఉంది.
వేలితో తీసి, బొటనవేలికి రాసి,
వాసన చూసి,
కళ్లు సగం మూసి కాసేపు ఆగాడు.

ఆ ఆగడం ఎక్కడో చూశాను.
ఎక్కడో అప్పటికి గుర్తు రాలేదు.

"నీళ్లు ఆయిల్లో కలిశాయన్నా.
గాస్కెట్ పోయింది. హెడ్డు వంగింది, లేతుకి పంపాలి.
రేడియేటర్ ఇక పనికిరాదు.
సూది పైకెక్కినప్పుడే ఆపేయాల్సింది."
ఏటుకూరు దాటాక ఎక్కింది, నిజమే.
చుట్టుగుంట ఇంకెంత దూరమని తొక్కాను.

ఎవరిదో శుభలేఖ వెనక్కి తిప్పి అంకెలు వేశాడు.
పైన పసుపు చుక్క, కింద కూడిక:
అరవై ఎనిమిది వేల నాలుగొందలు.

ఆ నాలుగొందలే కాల్చింది నన్ను.
అరవై ఎనిమిది వేలకి ఏడవొచ్చు,
నాలుగొందలకి ఏం చెయ్యను?

బండి మొత్తం అమ్మినా డెబ్బై రాదు.
"ఇంకెవరికైనా చూపించుకుంటాలే" అన్నాను,
గొంతులో కాస్త బలం నింపి.

కాలేషా కోప్పడలేదు.
పాత లుంగీ పీలికతో చేతులు తుడుచుకుంటూ
"మీ ఇష్టమన్నా, తీసుకెళ్లండి" అన్నాడు.

బండి ముక్కు విప్పేసి ఉంది.
బోల్టులన్నీ ఓ జర్దా డబ్బాలో.
తీసుకెళ్లాలంటే తాడు కావాలి, లాగడానికి ఇంకో బండి కావాలి,
ఇంకో ఆటోనగర్ కావాలి.

అప్పుడు గుర్తొచ్చింది ఆ గొంతు ఎవరిదో.

నాదే.

టిక్కీలోకి చెయ్యి దూర్చి పిడికెడు తీసి,
ఓ కాయ విరిచి, వాసన చూసి,
కళ్లు సగం మూసి కాసేపు ఆగి,
"తేమ ఉంది. తాలు కలిసింది.
నీ ఇష్టం, తీసుకెళ్లు" అనే గొంతు.
తెల్లారగట్ల బెల్లంకొండ నుంచి లారీ మీద వచ్చినవాడు
నలభై టిక్కీలు ఎక్కడికి తీసుకెళతాడు?
తెలుసు. తెలిసే అంటాను.
అబద్ధం కాదు, తేమ ఉంటుంది నిజంగానే.
కాలేషాదీ అబద్ధం కాదేమో,
హెడ్డు వంగే ఉంటుంది.
కాకపోతే ఆ నిజాన్ని తూచే కాటా
ఎప్పుడూ ఒకడి దగ్గరే ఉంటుంది.

తువ్వాలు కింద వేళ్లతో బేరమాడే అలవాటున్న చెయ్యి
తనంతట తనే ముందుకెళ్లింది.
"గ్రీజన్నా, అంటుకుంటుంది" అని వాడు వెనక్కి జరిగాడు.
నాలుగొందలు మాత్రం తగ్గించాడు.

షేర్ ఆటోలో, ఒళ్లో శాంపిల్ సంచితో ఇంటికెళ్లాను.
లాలాపేట దాకా ఆటో అంతా తుమ్ములే.
ఒకావిడ చిరంజీవ అంది, ఎవరినో.

మర్నాడు యార్డులో ఏసోబు టిక్కీ విప్పాడు.
కౌలు పొలం కాయ.
విరిచాను. వాసన చూశాను.
తేమ ఉంది.
ఉందని చెప్పాను. ధరా చెప్పాను.
చివరి మాట మాత్రం నాలిక మీదే ఆగిపోయింది.
దాని బదులు ఏమనాలో తోచక
"టీ తాగుతావా?" అన్నాను.

ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.
ఏసోబు నా మొహం వంక చూసి
మెల్లగా టిక్కీ మూతి బిగించాడు.
ఇంకా ఎంత తగ్గిస్తానోనని
భయపడ్డాడు కాబోలు.