ఇంకో మిల్లీమీటరు

శుక్రవారం పొద్దున్నే కసాయి నివాల్దో
పందిచెవి తోలు కాగితంలో చుట్టి ఇస్తాడు.
"కూరలోకా, దోనా జాందీరా?" అని ప్రతివారమూ అదే నవ్వు.
కాదయ్యా, దీపానికి, అంటాను.
ఆ జవాబు అతనికింకా ఎక్కలేదు.
నాకూ పదకొండేళ్ళు పట్టింది.

చర్మం గోడ కాదు.
గోడయితే నయం, తలుపు వెతుక్కునేదాన్ని.
జూన్ తెల్లవారుజామున సావో కార్లోస్ ఘాట్‌లో
లారీ దీపాలు ఎదుటి మంచునే వెలిగించుకుని
రోడ్డును మాత్రం చూడలేనట్టు
మా ఎర్రదీపం లోపలికెళ్ళి
ప్రతి కణాన్నీ దారి అడిగి
ప్రతి కణం చెప్పిన దిక్కుకీ తిరిగి
రెండు మిల్లీమీటర్లకే కూలబడుతుంది.
పుండు కాపురం మూడో మిల్లీమీటరులో.

దుర్వాల్ గారికది ముక్కు పక్కన.
ముత్యమంత, ముత్యంలాగే మెరుస్తూ.
నలభై రెండేళ్ళు నారింజతోటల్లో నిచ్చెన మోసిన మనిషి.
టోపీ అంచు కిందుగా, ఎర్రమట్టి మీంచి ఎగిరొచ్చి
ఎండ ఏనాడూ ఆయన్ని అడిగి లోపలికి రాలేదు.
"అది పెట్టిన జబ్బుని మళ్ళీ వెలుగుతోనే తీస్తారా" అన్నాడు,
"ముల్లుని ముల్లుతోనా?"

మందు రాసి మూడు గంటలు ఆగాలి.
అది వెళ్ళి చెడ్డకణాల్లో నిద్రపోతుంది.
వెలుగు తట్టి లేపితేనే లేచి పని చేస్తుంది.
పోయినేడు అడుగున ఉన్నదాన్ని ఎవరూ లేపలేదు.
పైన మానింది,
మేమంతా చేతులు కలుపుకున్నాం,
వాన పడ్డ నెలకల్లా మొలిచింది.

ఆ ఆదివారం సంతలో
వేడి పాస్తెల్ తింటున్నాను.
నూనె పీల్చిన కాగితంలోంచి నా వేళ్ళు కనబడ్డాయి,
గోరుమీద రేగిన రంగు పెచ్చుతో సహా.
కాగితాన్ని ఎవరూ చింపలేదు, గీకలేదు.
పోగుల మధ్య సందుల్ని నూనె నింపింది, అంతే.
వెలుగు తడబడటం మానేసింది.

పరుగెత్తుకెళ్ళి చెబితే ప్రొఫెసర్ తెల్మీరా నవ్వింది.
"దీనిమీద అలమారా నిండా వ్యాసాలున్నాయి, జాందీరా.
సంతలో చదివినదానివి మాత్రం నువ్వే."

తర్వాత ఎన్ని శుక్రవారాలో.
గ్లిజరిన్ జిగట మోచేతుల దాకా.
పందితోలు కింద మా ఆయన ఓడిపోయిన లాటరీ చీటీ పెట్టి
గడియారం వైపు చూడకుండా కూర్చునేదాన్ని.
ముందు ఏమీ లేదు, పాలమీగడ.
పావుగంటకి ఒక మసక.
అరగంటకి ఏడు.
ఏడు పక్కన మూడు.
తగలని నంబరుని చూసి అంత సంతోషించిన మనిషి
మా వీధిలో మరొకరుండరు.

బతికిన చర్మం వేరు. అది ఒప్పుకోవాలి.
దుర్వాల్ గారు ఒప్పందపత్రం వేలుపెట్టి చదివాడు,
రెండు మాటలకి అర్థం అడిగాడు,
"పందికి పనిచేసిందంటున్నారు, నేనూ తక్కువ మొండివాణ్ణా"
అని సంతకం పెట్టాడు.

దీపం వేశాక మంట.
కోసుకున్న వేలిమీద నారింజతొక్క పిండినట్టు, అన్నాడు.
నేను విసనకర్ర పట్టాను.
ఆయన కళ్ళు మూసుకుని పెట్టెలు లెక్కపెట్టాడు,
అరవై, అరవై ఒకటి,
నూట నాలుగు దగ్గర లెక్క తప్పి
మళ్ళీ మొదటినుంచి.

యంత్రం చూపింది: వెలుగు ఇంకో మిల్లీమీటరు దిగింది.
సరిగ్గా చెప్పాలంటే అందులో ముప్పాతిక.
ఆ ముప్పాతికని ఎర్రసిరాతో రాసి
కింద రెండు గీతలు గీశాను.

నీళ్ళతో కడిగితే చాలు,
చర్మం మళ్ళీ తన గుట్టు తాను కప్పుకుంటుంది.
అద్దంలో చూసుకుని "నేనే" అన్నాడు.

తగ్గిందో లేదో మూడు నెలలకి గానీ తెలియదు.
రెండ్రోజులు ఎండ తగలకూడదని చెప్పి పంపాం.
మబ్బుతునక లేని మధ్యాహ్నం
నల్లగొడుగు వేసుకుని గేటు దాటాడు.
నేను బస్‌స్టాండుకి వెళ్ళేసరికి
అరారాక్వారా బస్సు కిటికీలోంచి కనబడ్డాడు.
నీడపక్క సీటు కోసం
ఎవరో కుర్రాణ్ణి బతిమాలుతున్నాడు.