చిన్న కుర్చీలు

కూర్చోండి. కుర్చీలు చిన్నవి,
మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, ఏమనుకోకండి.
తడిసిన కోట్లు పొయ్యి పక్కన ఆరేయండి.
మార్చి వచ్చిందంటే చిలోయె దీవిలో
పిల్లలకంటే ముందు వానే బడికొస్తుంది.

నేను ఎలియానా బర్రియా. ఒకటో తరగతి నాది.
కాగితంలో అన్నీ రాశాను:
ఎనిమిదింటికి గంట.
పడవ ఆలస్యమైతే కబురు చాలు, సంజాయిషీ వద్దు.
పెన్సిల్ ఇంట్లోనే చెక్కి పంపండి.
లెక్క తప్పితే తప్పనివ్వండి,
మీరు దిద్ది పంపితే నాకు మీ లెక్కే తెలుస్తుంది.
చలి ముదిరేలోపు నూరు దాకా అంకెలు,
అక్టోబరులో బంగాళాదుంప మొలకల్ని కొలవడం,
డిసెంబరుకి చదవడం.

ఇంకొక్కటి. ఈ తెల్లకాగితం మీద
మీ పిల్లలకి రెండు ముక్కలు రాయండి.
చదవడం వచ్చిన రోజు చేతికిస్తాను.

తలలన్నీ వంగాయి.
ఒవీదియో రెమోల్కోయ్ తల వంగలేదు.
సముద్రం అడుగున గుల్లలు ఏరే మనిషి,
ఉప్పుకి పగిలిన వేళ్ల మధ్య పెన్సిల్ అగ్గిపుల్లంత.
"టీచరమ్మా, బొమ్మ గీయొచ్చా?"
గీయండి అని, బోర్డు తుడవడానికి అటు తిరిగాను.
బోర్డు మీద ఏమీ లేదు.

మర్నాడు నేను కాగితాలు సర్దుతుంటే
యెసేనియా తనది లాగేసుకుంది.
పడవ. పడవలోంచి నీళ్లలోకి గొట్టం.
గొట్టం కొసన మనిషి, నడుముకి తాడు,
ఆ తాడు పడవ మీదుగా కాగితం అంచు దాకా వచ్చి ఆగింది.
"ఈ కొస నన్ను పట్టుకోమన్నాడు"
అంది, అంచుని గట్టిగా పట్టుకుని.

మిగతా పంతొమ్మిదీ బీరువాలో పెట్టి
హాజరుపట్టీలో ఆమె పేరు పక్కన
చదివింది అని రాశాను.