మొదటి నాలుగు నిమిషాలు

తెల్లారి అయిదున్నరకి తాళం తిప్పితే
నా పాత మారుతి ఏదో చెబుతుంది.
సిరిపురం సిగ్నలు చేరేసరికి
ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది.
కంచరపాలెంలో దాలినాయుడి షెడ్డు ముందు ఆపితే
ఇంజను పాలమీగడలా తిరుగుతుంటుంది.

కోర్టులో స్టెనోని నేను.
వరండాలో ప్లీడరుకి అంతా పూసగుచ్చి చెప్పి
బోనెక్కగానే "గుర్తులేదండీ" అనే సాక్షుల్ని
ఇరవై ఆరేళ్ళుగా రాసుకుంటున్నాను.
కారు కూడా ఆ జాతిదేనని అనుకోలేదు.

"ఏటి సప్పుడమ్మా?
టకటకా, టిక్కుటిక్కా,
కీసుమంటాదా, గరగరలాడతాదా?"
నోటితో చేసి చూపించాను.
లోవరాజు స్పానరు కింద పెట్టి మరీ నవ్వాడు.
పాత టైపు మిషను మీద
ఒకే అక్షరాన్ని కోపంగా కొడుతున్నట్టు, అన్నాను.
"ఏ అక్షరం?" అన్నాడు దాలినాయుడు. అతను నవ్వలేదు.

బండి బాగానే ఉందని మూడుసార్లు పంపేశాడు.
మూడోసారి నా ముఖంలో ఏం చూశాడో,
"రేపు నానే వస్తాను.
రాత్రంతా దాన్ని ముట్టుకోకండి.
ఏడి బండి అబద్ధమాడతాది."

జనవరి. పెదవాల్తేరు.
బానెట్ మీద మంచు,
మంచులో వేలు పెడితే సన్నటి నలుపు.
రేడియేటరు మీద అరచెయ్యి ఆనించి
చల్లదనం సరిపోయిందని తల ఊపాడు.
కుడిచెవి పనిచెయ్యదు అతనికి.
షిప్‌యార్డులో తొమ్మిదేళ్ళు కాంట్రాక్టు కూలీ,
ఓడ పొట్టలో కూర్చుని సుత్తితో తుప్పు రాల్చాడు.
"ఆ సెవి ఆ ఓడతోనే ఎలిపోనాది" అంటాడు,
ఏ దేశమో మాత్రం తెలీదట.

తాళం తిప్పాను.
టక్. టక్. టక్కుటక్కుటక్కు.
"అల్లదిగో!"
చుట్టం రైలు దిగినట్టు.

ముందు బెల్టు మీద చెంబుడు నీళ్ళు.
చప్పుడు మారలేదు.
పొడుగు స్క్రూడ్రైవరు మొన టాపెట్ కవరు మీద పెట్టి
పిడిని చెవికి కాదు, దవడ ఎముకకి ఆనించాడు.
కళ్ళు మూశాడు.
పెదజాలరిపేట వైపు బోటు మోటార్లు.
వీధిలో కానాగంతల బుట్టతో ఒకామె కేక.
కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తాడు, ఆగమని.
ఆమె ఆగింది. బుట్ట దించి తనూ వింది.
"టాపెట్లు కావు."

రెండో నిమిషం.
మూరెడు రబ్బరు గొట్టం ఎడమచెవిలో దోపి
రెండో కొసని ఇంజను వెనక, కింద, ఇంకా కింద
చీకట్లో కర్రలా తిప్పుకుంటూ పోయాడు.
ఒకచోట ఆగాడు.
"ఇక్కడ ఏలు పెట్టండి. ఇంకా కాలదు."

వేలికొసకి ఊపిరి తగిలింది.
చిన్నది, తడిది, తాళం తప్పనిది.

"పొగగొట్టం మొదట్లో బోల్టొకటి ఇరిగిపోనాదమ్మా.
ఉప్పుగాలి తినీసింది.
సల్లగున్నంతసేపు ఆ సందులోంచి అరుస్తాది.
ఏడెక్కితే ఇనుం ఉబ్బి సందు మూసుకుంటాది.
బాగయిపోనట్టే ఉంటాది."
మళ్ళీ చెప్పమన్నాను,
అలవాటు కొద్దీ, రాసుకోడానికి.

మూడు. నాలుగు.
అక్షరం పలచబడింది, మునిగిపోయింది.
వేలు తీసేశాను, చురుక్కుమంది.

చేపలామె బుట్ట ఎత్తుకుంటూ అంది:
"మా ఆయన దగ్గూ ఇంతే బాబూ.
పొద్దుటే. ఆసుపత్రికెళ్ళేసరికి ఉండదు.
డాక్టరు నన్నే కసిరీనాడు."

దాలినాయుడు గొట్టం చుట్టి జేబులో పెట్టుకోబోయి
ఆగాడు.
ఎడమచెవి ఆమె వైపు తిప్పాడు.
"ఈసారి బేగి తీసికెళ్ళు" అన్నాడు,
"టీ కూడా పొయ్యకు."