నీళ్లని ఏమంటారు

దీదూబే బస్టాండు వెనక, బూట్లు కుట్టే కొట్టుకీ మందుల షాపుకీ నడుమ
చెవి మిషన్లు అమర్చే గది నాది.
బయట వ్యాను డ్రైవర్లు గోరీ గోరీ గోరీ అని
ఊరి పేరు అరిగిపోయేదాకా అరుస్తుంటారు.
తలుపు మూస్తే, గోడల నిండా కోడిగుడ్ల అట్టల్లాంటి స్పాంజి,
నా ఊపిరి నాకే పరాయిది.

వచ్చిన వాళ్లందర్నీ ఒకటే అడుగుతాను:
మీ ఇంట్లో నీళ్లని ఏమంటారు?
టిబిలిసీ కదా, వాకిళ్లు అంటుకునే ఉంటాయి.
కుళాయి ఒకటే. పేర్లే నాలుగు.

రైసా ల్వోవ్నా, పియానో టీచరు, వదా అంటుంది.
మొదటి అక్షరం మీద కాలు ఆనీ ఆనకుండా దాటి
రెండోదాని మీద బరువంతా వేస్తుంది,
చీకట్లో మెట్టు ఉందో లేదో చూసుకునే మనిషిలా.
బళ్లో నేర్పారు గనక రష్యన్ నాకు ఇప్పటికీ తడిసిన ఉన్నికోటు.
బరువు, వెచ్చన, మెడ దగ్గర కాస్త దురద.

అవ్లబారి దర్జీ ఆర్పెనిక్, జుర్ అంటుంది.
కుట్టుమిషను చక్రం ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయినట్టు.
బిల్లు చూసి నన్ను తిట్టినా చివర్న జాన్ అని తగిలిస్తుంది,
చింపినచోటే గుండీ కుట్టి ఇచ్చినట్టు.

మార్నేవులీ నుంచి ఇస్ఫందియార్, ఉల్లిపాయల రైతు.
సూ, అన్నాడు.
అంత చిన్న మాట. ఊదితే ఎగిరిపోయేది.
మిషను గీసిన గీత చూశాను.
ముసలితనంలో ముందు పోయేవి సకారాలే,
చిటారు కొమ్మ ఆకులు ముందు రాలినట్టు.
ఏడేళ్లుగా గుల్నిసా గుమ్మంలో నిలబడి, సూ? అంటే
ఆయనకి చేరింది ఉత్త ఊ.
ఆయనా ఊ అనేవాడు.
ఆమె నీళ్లు తెచ్చేది.
ఎందుకు తెచ్చిందో తెలియక తాగేసేవాడు.
కాపురం సాఫీగానే సాగింది.

మా నీళ్లు అలా కాదు.
త్స్ఖాలి. పళ్ల దగ్గర ఒక చిటికె, గొంతులో ఒక రాయి,
అవి దాటాకే అచ్చు.
సగం చెవిటివాడికీ దెబ్బలా తగులుతుంది.
ఇది గీతలు చూసి చెప్పే మాట. నాకై నాకేం తెలుసు?
మా భాష ఎలా ఉంటుందని ఇస్ఫందియార్‌నే అడిగాను.
గోనెసంచిలో అక్రోట్లు పోసి మెట్ల మీద ఈడ్చినట్టు, అన్నాడు.
తప్పుగా అనుకోకు, లోపల పప్పుందని తెలుసు.

ఆ రాత్రి వంటింట్లో ఒక్కణ్ణే నిలబడి మాట్లాడి చూసుకున్నాను.
అక్రోట్లు వినపడలేదు.
రొట్టె, కరెంటు బిల్లు, రేపటి పని, ఇవే వినపడ్డాయి.
తెలిసిన భాషలో అర్థం వచ్చి చప్పుడికి అడ్డం నిలబడుతుంది,
క్యూలో ముందున్న పొడుగాటి మనిషిలా.

నేను నిజంగా విన్న భాష ఒక్కటే.
మా నాయనమ్మ స్వానెతీ కొండల నుంచి దిగి వచ్చింది.
నాతో జార్జియన్, పిండితో స్వాన్.
పిసుకుతూ గొణిగేది. సాగదీసిన అచ్చు, తుంచిన అచ్చు,
మధ్యలో ఎవరో గొళ్లెం తీసినట్టు ఒక హల్లు.
నాకు ఒక్క ముక్క తెలియదు. పిండికి తెలిసేది, పొంగేది.
నాకూ నేర్పమంటే,
నీకెందుకురా, ఆకలేస్తోందా, అనేది, జార్జియన్‌లో.

మొన్న మార్చిలో దారికో వచ్చింది.
ఎనభై దాటిన మనిషి, మనవడి మోచెయ్యి పట్టుకుని.
మిషను పెట్టి మీట నొక్కాను.
తన చేతిసంచి గరగరకి తనే ఉలిక్కిపడింది.
నీళ్లని ఏమంటారు?
లిత్స్, అంది.
అక్కణ్ణుంచి ఆగలేదు.
సాగదీసిన అచ్చు, తుంచిన అచ్చు, గొళ్లెం,
ఎక్కణ్ణుంచో పులిసిన పిండి వాసన.
మనవడు అర్థం చెప్పబోయాడు.
వద్దని చెయ్యి అడ్డం పెట్టాను.

శబ్దం ఎక్కువైందా, తగ్గించనా అని అడగడం నా పని.
అడగలేదు.
ఆమె మాట్లాడుతూనే ఉంది,
బహుశా బస్సు చార్జీల గురించే అయ్యుంటుంది.