ఊపిరి గొట్టం

జ్ఞానాపురంలో మా లాండ్రీ బాయిలరు
మూడు వారాలుగా సమంగా మండటం లేదు.
తెల్లారగట్ల నాలుగింటికి మీట నొక్కితే
బుద్ధిగా అంటుకుంటుంది.
గంటన్నర గడిచేసరికి
మంట ఎగసి, కుంగి, మళ్లీ ఎగసి
ఆయాసపు మనిషి మెట్లెక్కుతున్నట్టు
ధబ్... ధబ్... అని
చివరికి ఎర్రదీపం వెలిగించుకుని కూర్చుంటుంది.

అప్పటికి ఆసుపత్రి దుప్పట్లు నూట నలభై
తడిగా, బరువుగా, నా ముఖమే చూస్తుంటాయి.
ఆవిరి అందక ఇస్త్రీ రోలరు చల్లబడుతుంది.
పెరట్లో ఆరేద్దామా అంటే
పోర్టు మీంచి వచ్చే గాలి నిండా బొగ్గుపొడి.
తెల్లగుడ్డ మీద వేలు పెడితే
నేరం చేసినట్టు వేలిముద్ర పడుతుంది.

డీజిల్లో నీళ్లు కలిపాడని
ఫిలోమినమ్మగారు బంకువాణ్ణి తిట్టారు.
సీసాలో పట్టి రాత్రంతా కిటికీలో పెట్టాం.
పొద్దున్నకి తేనెరంగు డీజిలే.
అడుగున ఒక్క బొట్టు నీరు లేదు.
ఆవిడ సీసాని వెలుతురుకి తిప్పి తిప్పి చూసి
తప్పయిందని అనలేదు గానీ
తిట్టడం మానేశారు.

మల్కాపురం నుంచి దాలయ్య వచ్చాడు.
ఓడల ఇంజను గదుల్లో ఇరవైరెండేళ్లు.
కుడి చెవి అక్కడే పోయింది.
ఎడమ చెవికి స్క్రూడ్రైవరు పిడి ఆనించి
రెండో కొస పంపు మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు.
"ఏడస్తంది" అన్నాడు.
ఎందుకో చెప్పలేదు.

మొదటిరోజు నాజిల్ మార్చాడు.
ఆవగింజ దూరని కన్నం,
ఇంత మంటా దాన్లోంచేనా!
తర్వాత ఫిల్టరు.
ఆ తర్వాత, మంటని కనిపెట్టి ఉండే గాజుకన్ను:
మసి పట్టి ఉంటే నా కొంగుతో తుడిచిచ్చాను.
మార్చిన ప్రతిసారీ బాగయింది.
గంటన్నరకి ప్రతిసారీ
ధబ్... ధబ్...

నాలుగోరోజు అతను సంచీ విప్పనేలేదు.
డబ్బా బోర్లించుకు కూర్చుని టీ తాగుతూ
"రోజూ నువ్వేటి సేస్తావో అదే సెయ్యి.
నాను సూస్తాను" అన్నాడు.

మంట కుంగడం మొదలవగానే
అలవాటు కొద్దీ వెనక నిచ్చెన ఎక్కాను.
చమురుందో లేదో కర్ర ముంచి చూద్దామని
ట్యాంకు మూత తిప్పాను.
ఉస్స్... మని
లోపలికి పీల్చుకుంది.
కింద మంట నిటారుగా లేచి నిలబడింది.

నాకు సిగ్గేసింది.
ఈ మూడు వారాల్లో ఎన్నిసార్లు మూత తీశానో,
ఎన్నిసార్లు అది తేరుకుందో.
నాది మంచి హస్తవాసి అని
ఫిలోమినమ్మగారు చర్చి దగ్గర నలుగురికీ చెప్పారు కూడా.

"ముయ్యి" అన్నాడు. మూశాను.
ఎదురుచూశాం.
ఒక గూడ్సు బండి పోయింది, చాలాసేపు పోయింది.
మళ్లీ మొదలైంది ఆయాసం.

ట్యాంకు నెత్తిన గొడుగు పిడిలా వంగిన సన్నగొట్టం.
దాన్లోకి తీగ దూర్చి లాగాడు.
ఎర్రమట్టి గూడు, ఇటుకంత గట్టిది.
చిదిపితే లోపల సాలెపురుగులు
వరసగా పేర్చిపెట్టిన సద్ది,
మధ్యన పాలరంగు పిల్ల ఒకటి.
చమురు బయటికి పోతోంది,
దాని చోట్లోకి గాలి వచ్చే దారి లేదు.
ట్యాంకే వెనక్కి గుంజుకుంటోంది,
ఇస్తూనే.

"ఓడలో అయితే ముందు దీన్నే సూసేవోణ్ణి" అన్నాడు దాలయ్య,
నాతో కాదు.
గొట్టం మూతికి దోమతెర ముక్క కట్టి
తీగతో మూడు చుట్లు బిగించి
బస్సు ఛార్జీలు మాత్రం అడిగాడు.

ఆ రోజు ఎనిమిదింటికే నూట నలభై మడతలు.
మర్నాడు నిచ్చెన ఎక్కితే
దోమతెర చుట్టూ కందిరీగ.
నోట్లో తడిమట్టి ఉండ.
మా కాలవ గట్టుదే అయ్యుంటుంది,
ఎండకి సబ్బునీళ్ల మెరుపు.
వాలుతుంది, లేస్తుంది, మళ్లీ వాలుతుంది.
కర్ర ముంచడం మర్చిపోయి
అక్కడే నిలబడ్డాను.