తెల్ల మక్కలు

ఎండలు దంచుతున్న ఒక పగటీలి
నా గిర్ని గడప కాడ ఒక పిల్ల నిలవడ్డది.
యూనివర్సిటీల చదువుతదట. పేరు తదాలా.
మలావి అంటే ఏడుంటది బిడ్డా అంటే
పిండి రాలిన బల్ల మీద వేలుతోని గీసింది:
సన్నగ, పొడుగ్గ, పక్కపొంటి ఒక చెరువు.
మా పాకాల చెరువంతనా అని అడిగిన.
చేతులు చాపింది, ఇంకా చాపింది,
చాలక నవ్వి ఊకున్నది.

ఆమెకు గావల్సింది మక్క పిండి.
హన్మకొండల పెద్ద దుకాండ్లన్నీ తిరిగిందట.
పాస్తా దొరికింది, సీసాల ఆలివ్ కాయలు దొరికినయ్,
నూడిల్స్ నాలుగు రంగుల ప్యాకెట్లల్ల దొరికినయ్,
మక్క పిండంటే మాత్రం
సూపుల కలిపే కార్న్‌ఫ్లోర్ డబ్బా చేతుల వెట్టిన్రట.

నాకు నవ్వొచ్చింది.
ఎనుమాముల మార్కెట్ల గుట్టలకు గుట్టలు మక్కలు
కోళ్ల ఫారాలకు లారీలెక్కుతుంటే
మనిషికి పిడికెడు కరువా?
ఐదు కిలోలు పట్టి, సంచి మూతి కట్టి ఇచ్చిన.
విప్పి చూసింది.
చానసేపు ఏం మాట్లాడలే.

పసుపుగున్నది, అన్నది ఆఖరికి, వచ్చీరాని తెలుగుల.
వాళ్ల దిక్కు పసుపు మక్కలు
కరువు సాలు ఓడల మీద వస్తయట.
వాళ్లమ్మ లైన్ల నిలవడి తెచ్చిన పిండట అది.
ఆ రంగు చూస్తే ఆకలి కాదట, భయమైతదట.

నాకు మా నాయనమ్మ గటుక యాదికొచ్చింది.
కుండల బుడుక్ బుడుక్‌మని ఉడికేది.
సుట్టాలొస్తే మా అమ్మ
ఆ కుండ మీద గంప బోర్లించేది.
వరన్నం తినేటోళ్లమైనంక ఆ పేరే ఎత్తలే.
ముప్పై ఏండ్ల సంది ఊరందరివీ పట్టిన,
నా ఇంటికని ఒక్కనాడు మక్కలు పట్టలే.

ఇద్దరం ఆ సంచి దిక్కు సూడకుంట
కొంచెంసేపు కూసున్నం.

తాడ్వాయి అవుతల ఎవలో
తెల్ల మక్కలు ఇంకా ఏస్తున్నరని
ఆటో సాంబయ్య చెప్పిండు.
మేడారం బస్సు కండక్టరుతోని కబురు వంపిన.
పదిహేను రోజులకు పాత చీర మూటల వచ్చినయ్,
ఎనిమిది కిలోలు, సగం పురుగు.
చెరిగిన, ఏరిన, రాయి బిగిచ్చి పట్టిన.
బెల్టు మోతల మాట వినవడక
ఆ పిల్ల వేళ్లతోని చెప్పింది:
ఇంకా మెత్తగ. ఇంకా.

ఆ రాత్రి నా గ్యాసు పొయ్యి మీద
మసిలే ఎసట్ల పిండి పోసుకుంట
కట్టె తెడ్డుతోని భుజమంత పెట్టి తిప్పింది.
పుంటికూర నేను వండిన, కారం తగ్గిచ్చి.
ముద్ద చేసి, బొటనవేలుతోని గుంట ఒత్తి,
గుంట నిండ కూర అందుకొని
నోట్లె వెట్టుకొని కండ్లు మూసింది.

అదేనా?

కాదు, అన్నది. నీళ్లు వేరు.
మల్ల ఇంకో ముద్ద తీసుకున్నది.

నేనూ తిన్న. మా నాయనమ్మది గాదది,
గటుక ఇంత గట్టిగుండది, సల్ల పోస్కుంటం.
అయినా గొంతు దిగేకాడ ఏదో ఆగి
నన్ను పేరు పెట్టి పిలిచినట్టైంది.

అప్పుడే పక్కింటి వసుంధర, మిక్సీ గిన్నె ఇయ్యవచ్చి,
ఏం వండిన్రు నర్సక్కా, కొత్త వాసనొస్తుంది, అన్నది.
నా చెయ్యి గిన్నె మీదికి ఉరికింది.
మూత ఏడ వెట్టిన్నో
ఎంతకూ యాదికి రాలే.