తిన్న ఉప్పు

పొయ్యి పక్కన ఆ కాఫీ డబ్బా ఎప్పుడూ ఉండేది,
పందిమాంసం వేయించగా మిగిలిన కొవ్వు
తెల్లగా పేరుకుని.
వెర్లీన్ పెద్దమ్మ దాన్ని పారబోసిన రోజు
మిసిసిపీలో మా వీధి వీధంతా
చావు కబురు విన్నట్టు గుమ్మాల్లోకొచ్చింది.

ఆదివారం చర్చి భోజనాల్లో
డీకన్ ఆంబ్రోస్ టట్‌వైలర్ చెంచా దించేశాడు.
"కాలర్డ్ కూరలో ఎముక ఏది?
తిన్న ఉప్పుకి ద్రోహం చేస్తున్నావు, పిల్లా."

పెద్దమ్మ మాట్లాడలేదు.
అమ్మమ్మ ఎడమ పాదాన్ని
చక్కెర జబ్బు తీసుకుపోయిందని అందరికీ తెలుసు.
చర్చికని కొన్న కొత్త జోడులో
ఒకటి ఇప్పటికీ మడత నలగలేదు.

వెనిగర్‌లో మిరపకాయలు ఊరేసింది.
ఉల్లిపాయల్ని మాడనివ్వకుండా
గంటసేపు బుజ్జగించింది.
పొగబెట్టిన టర్కీ మెడ ఒక్కటి కుండలోకి జారవిడిచి
"మూత తీయకండి" అంది, అంతే.

కొలతలు రాసేదాన్ని నేను.
"ఉప్పెంత?"
"మీ అమ్మమ్మ వేసేదాంట్లో సగం."
"ఆవిడెంత వేసేది?"
పెద్దమ్మ ఖాళీ పిడికిలి తెరిచి
చాలాసేపు చూసుకునేది.

తొమ్మిదేళ్లు. మూడు పుస్తకాలు.
టీవీ వాళ్లు పౌడరు రాసి నవ్వమన్నారు.
"మీ వంటే మిమ్మల్ని చంపుతోంది కదా?"
అడిగింది ఉత్తరాది నుంచి వచ్చిన అమ్మాయి.
"వంట కాదమ్మా.
పొద్దస్తమానం పత్తిచేలో వంగినవాళ్లకి
ఆ కొవ్వే కూలి, ఆ కొవ్వే బలం.
చేలు పోయాయి. కొవ్వు మిగిలింది."
ఆ ముక్క ప్రసారంలో రాలేదు.

మూడో పుస్తకం మీద సంతకాలు పెట్టే రోజు
వరస చివర్న డీకన్, చేతికర్రతో.
ఆయన తెచ్చింది మొదటి పుస్తకం.
బెండకాయ పేజీ తెరవబోతే
జిగురుకి రెండు పేజీలూ కలిసే వచ్చాయి.
అంచున పెన్సిల్‌తో: ఉప్పు ఇంకొంచెం.
దాని కింద వేరే ఏడాది తేదీ: చాలు.
ఇంకా కింద, వణికిన అక్షరాల్లో: దాదాపు.

పెద్దమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.
మరక మీదే సంతకం పెట్టింది.

ఆ రాత్రి అందరూ వెళ్లాక
వంటింట్లో ఇనప మూకుడు చప్పుడు.
ఒక్క ముక్క. ఒక్కటే.
నేను చూడలేదు, వాసనొచ్చిందంతే.
కొలత అడగలేదు.